వయసు మళ్లిన నౌకలకు గడువు పొడిగింపు: నాసా సీనియర్ రివ్యూపై ఒక సమీక్ష

గ్రహాల దగ్గరకు పంపిన యంత్రనౌక తనకు అప్పగించిన పనిని పూర్తిచేసి, ఆ తరువాత కూడా పనిచేస్తూనే ఉంటే, దాని ఖర్చును ఇంకా ఎన్నాళ్లు భరించాలన్న ప్రశ్న ప్రతి అంతరిక్ష సంస్థకూ ఎదురవుతుంది. అమెరికాలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాసా ఏర్పరచుకున్న పద్ధతి పేరు సీనియర్ రివ్యూ. దీన్ని ఒక సేవగా భావించి సమీక్షించడం కొందరికి వింతగా తోచవచ్చు గానీ, సేవకు ఉండవలసిన లక్షణాలన్నీ దీనికి ఉన్నాయి. దరఖాస్తు పెట్టుకునేవారు ఉన్నారు, వారు తమ సమయం రూపంలో చెల్లించే మూల్యం ఉంది, గడువులు ఉన్నాయి, చివరికి చేతికందే తీర్పు ఉంది, ఆ తీర్పు ఎంతవరకు చెల్లుతుందన్న సందేహమూ ఉంది. దీని నివేదికలు ఏం చెప్పాయో, ఆ తరువాత ఆయా నౌకలు ఏం సాధించాయో పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు కలిగిన అభిప్రాయం ఇది: ప్రశ్నలు అడగడంలో సీనియర్ రివ్యూ దిట్ట, హామీ ఇవ్వడంలో మాత్రం దాని మాట విలువ అంతంతమాత్రమే.

ముందుగా దీని అవసరం ఎక్కడ పుట్టిందో చూద్దాం. గ్రహాంతర యాత్రలో సింహభాగం ఖర్చు నౌకను నిర్మించడానికి, ప్రయోగించడానికి అవుతుంది. నౌక గమ్యం చేరాక మిగిలేవి నియంత్రణ బృందం జీతాలు, దూరపు నౌకలతో మాట్లాడే డీప్ స్పేస్ నెట్‌వర్క్ యాంటెన్నాల సమయం, వచ్చిన సమాచారాన్ని విశ్లేషించే శాస్త్రవేత్తల వేతనాలు మాత్రమే. శనిగ్రహం దగ్గర పనిచేసిన కాసిని నౌకకు మొత్తం మీద 300 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు కాగా, చివరి దశలో దాన్ని నడపడానికి ఏడాదికి సుమారు 6 కోట్ల డాలర్లు సరిపోయాయి. కొత్త నౌకతో పోలిస్తే ఇది కారుచౌక. అయితే ఆ 6 కోట్లూ వచ్చేది కొత్త నౌకల నిర్మాణానికి వెచ్చించవలసిన సంచిలోంచే కాబట్టి, పాత నౌకలు దీర్ఘాయుష్షుతో ఒక్కొక్కటిగా పోగుపడుతున్న కొద్దీ ఎవరో ఒకరు కూర్చుని లెక్క తేల్చక తప్పదు.

ఆ లెక్క తేల్చే విధానం చెప్పుకోవడానికి సులభంగానే ఉంటుంది. ప్రాథమిక దశ ముగించుకున్న యాత్రల బృందాలను నాసా ప్రతిపాదనలు పంపమంటుంది, ఒక్కొక్క యాత్రకు ఎంత డబ్బు ఆశించవచ్చో ముందే సూచిస్తుంది, బయటి శాస్త్రవేత్తలతో ప్యానెల్‌ను నియమిస్తుంది. ప్యానెల్ ప్రతిపాదనలు చదివి, బృందాలను పిలిపించి ప్రశ్నించి, 'ఎక్సలెంట్' మొదలుకొని దిగువకు వెళ్లే శ్రేణుల్లో ఒక్కొక్కదానికీ స్థానం కట్టి నివేదిక ఇస్తుంది, తుది నిర్ణయం నాసాది. 2005 నాటి చట్టం ఈ పరీక్షను రెండేళ్లకోసారి జరపాలని నిర్దేశించింది. ఒక పరీక్ష ఫలితం పూర్తిగా చేతికి రాకముందే మరో పరీక్షకు కాగితాలు సిద్ధం చేసుకోవలసి వస్తోందని బృందాలు మొత్తుకోగా, 2016లో ప్రభుత్వానికి శాస్త్ర సలహాలిచ్చే అమెరికా నేషనల్ అకాడమీస్ నివేదిక మూడేళ్ల విరామాన్ని సిఫారసు చేసింది, 2017 చట్టం దాన్ని ఆమోదించింది. నౌకను నడపవలసిన చేతులే ప్రతిపాదనను కూడా రాయాలి కనుక ఈ మార్పు చిన్నదేమీ కాదు.

సీనియర్ రివ్యూ తన సత్తా చూపిన సందర్భం ఏదని అడిగితే నేను 2014ను చూపిస్తాను. ఆ ఏడాది పరీక్షకు నిలిచిన ఏడు యాత్రల్లో అందరికంటే ధీమాగా ఉండదగినది క్యూరియాసిటీ రోవర్. 250 కోట్ల డాలర్ల వ్యయంతో తయారై, 2012 ఆగస్టులో అంగారకుడి గేల్ బిలంలో దిగి, అక్కడ ఒకప్పుడు సూక్ష్మజీవులు బతకగల మంచినీటి సరస్సు ఉండేదని తొలి ఏడాదిలోనే తేల్చిన రోవర్‌కు పొడిగింపు దొరకదని ఎవరూ అనుకోలేదు. ప్యానెల్ మాత్రం మొహమాటపడలేదు. రాబోయే రెండేళ్లలో కేవలం ఎనిమిది నమూనాలు సేకరిస్తామని ప్రతిపాదనలో ఉండడాన్ని ఎత్తిచూపి, ఇంత పెట్టుబడికి ఈ ప్రతిఫలం చాలదని రాసింది. ప్రతిపాదనలో శాస్త్ర ప్రణాళిక పలచగా ఉందన్నది. యాత్రకు ప్రధాన శాస్త్రవేత్త స్వయంగా హాజరు కాకపోవడాన్ని కూడా వదలకుండా, తమను ఎవరూ ఆపలేరన్న భరోసా ఆ బృందంలో కనిపించిందని నమోదు చేసింది. అదే పరీక్షలో, అప్పటికి పదేళ్లుగా శని చుట్టూ తిరుగుతున్న కాసిని 'ఎక్సలెంట్' అనిపించుకోగా, అంగారకుడి మీద దిగి నిండా రెండేళ్లయినా కాని క్యూరియాసిటీ దిగువ శ్రేణిలో నిలిచింది.

రెంటికీ పొడిగింపు దొరికింది కాబట్టి ఈ మందలింపు వల్ల ఒరిగిందేమిటని అడగవచ్చు. నా దృష్టిలో ఈ సేవ అసలు విలువ ఇలాంటి చోటే ఉంది. యాత్రను ఆపడం కంటే, యాత్ర ఎందుకు సాగాలో నడిపేవారి చేతనే చెప్పించడం కష్టమైన పని. ఆరోగ్యంగా ఉన్న నౌకను నడపడం ఒక అలవాటుగా మారిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. తదుపరి కొండ దగ్గరకు వెళ్దాం, ఆపైన చూద్దాం అన్న ధోరణిని ప్రశ్నించే వ్యవస్థ సంస్థ లోపల పుట్టడం అరుదు, ఎందుకంటే అక్కడ అందరూ ఆ నౌకను ప్రేమించేవారే. బయటివారు వచ్చి, ప్రతి రంధ్రం ఎందుకు తొలుస్తున్నారో, అది ఏ ప్రశ్నకు సమాధానమో రాసి ఇమ్మనడం చాలా ఆరోగ్యకరం.

2016లో వచ్చిన తీర్పు ఇంతకంటే సూక్ష్మమైనది. సెరిస్ మరుగుజ్జు గ్రహం చుట్టూ తిరుగుతున్న డాన్ నౌకకు కొద్ది ఇంధనంతోనే చాలాకాలం నెట్టగల అయాన్ ఇంజన్ ఉంది కనుక, సెరిస్‌ను వదిలి అడియోనా అనే మరో గ్రహశకలం పక్కనుంచి వెళ్తామని బృందం ప్రతిపాదించింది. కొత్త లోకం, కొత్త ఫొటోలు, పత్రికల్లో పతాక శీర్షికలు అనే ఆకర్షణ అందులో ఉంది. నాసా కాదని, సెరిస్ దగ్గరే ఉండి, అది సూర్యుడికి దగ్గరవుతున్నప్పుడు దాన్ని గమనించమంది. ఆ తరువాత 2018లో డాన్ కక్ష్యను కుదించుకుని సెరిస్ ఉపరితలానికి 35 కిలోమీటర్ల లోపుకు దిగింది. అక్కడినుంచి పంపిన కొలతల ఆధారంగా, ఆక్యటర్ బిలం అడుగున సుమారు 40 కిలోమీటర్ల లోతులో ఉప్పునీటి నిల్వ ఉందని 2020లో పరిశోధనా పత్రాలు వెలువడ్డాయి. అడియోనా దగ్గర ఏం దొరికి ఉండేదో ఇక ఎవరికీ తెలియదు. కానీ ఒక్క పూట చుట్టపుచూపు కంటే నిలకడగా ఉన్న చోట లోతుగా చూడడం మేలన్న ఆ నిర్ణయం సరైనదేనని ఆ ఉప్పునీరు చెబుతోంది.

అదే రోజున న్యూ హొరైజన్స్‌కు మాత్రం ప్రయాణానికే అనుమతి వచ్చింది. ఇందులో ఒక చమత్కారం ఉంది. 2015 జులైలో ప్లూటోను దాటిన ఆ నౌక, దానికి ఆవల హబుల్ టెలిస్కోపుతో ముందే వెతికి పెట్టుకున్న లక్ష్యం వైపు తిరగడానికి ఆ ఏడాది అక్టోబరు, నవంబరు నెలల్లోనే ఇంజన్లు మండించింది. పొడిగింపును ప్రకటించింది 2016 జులై 1న. అంటే తీర్పు కంటే ఎనిమిది నెలల ముందే నౌక దారి మళ్లింది. ఆలస్యం చేస్తే ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది కనుక అలా చేయడం తప్పు కాదు. అయినా, నిర్ణయ ప్రక్రియ నడిచే వేగానికీ ఖగోళ గమనానికీ పొత్తు కుదరదని ఇది చూపిస్తుంది. 2019 జనవరి 1న దగ్గరనుంచి కనిపించిన ఆ లక్ష్యమే ఇప్పుడు అరోకాత్ పేరుతో మనకు తెలిసిన, రెండు ముద్దలు అతుక్కున్నట్టుండే 35 కిలోమీటర్ల శకలం.

ఇక లోపాల సంగతి. మొదటిది ఈ పరీక్ష స్వభావంలోనే ఉంది. ప్రతిపాదనలో రాసినదానికే ప్యానెల్ మార్కులు వేయగలదు, పాత నౌకలు మనకు ఇచ్చిన గొప్ప బహుమతుల్లో చాలావాటిని ఎవరూ ఏ ప్రతిపాదనలోనూ రాసి ఉండలేదు. 90 రోజుల ఆయుర్దాయంతో 2004లో అంగారకుడి మీద దిగిన స్పిరిట్ రోవర్‌కు 2006లో ముందు కుడి చక్రం మొరాయించింది. అప్పటినుంచి రోవర్ వెనక్కి నడుస్తూ ఆ చక్రాన్ని ఈడ్చుకుపోయేది. 2007లో ఆ చక్రం నేలమీద గీసిన చాలులోంచి తెల్లటి మట్టి బయటపడింది. పరీక్షిస్తే అందులో సుమారు 90 శాతం సిలికా ఉంది, అంటే ఆ చోట ఒకప్పుడు వేడినీటి ఊటలో ఆవిరి రంధ్రాలో ఉండి ఉండాలి. క్యూరియాసిటీ విషయంలోనూ దాదాపు ఇదే జరిగింది. 2024 మే 30న, సుమారు 900 కిలోల ఆ రోవర్ గెడిజ్ వాలిస్ కాలువలో ఒక రాయి మీదుగా నడవగా రాయి పగిలి, లోపల పసుపుపచ్చని గంధకపు స్ఫటికాలు తళుక్కుమన్నాయి. శుద్ధ గంధకం అంగారకుడి మీద కనబడడం అదే మొదటిసారి. మొండికేసిన చక్రానికీ, పొరపాటున పగిలిన రాయికీ ప్రతిపాదనలో పేజీ కేటాయించడం ఎవరివల్లా కాదు.

అలాగని అనుకోని అదృష్టం పేరు చెప్పి ప్రతి నౌకనూ ఎల్లకాలం నడపమని వాదించడం సబబు కాదు. అదృష్టం కూడా కొన్ని నౌకలకే కలిసివస్తుంది: కొత్త నేల మీదికి కదులుతున్నవాటికి, రుతువులు మారుతున్న గ్రహాన్ని చూస్తున్నవాటికి, అరుదుగా జరిగే సంఘటన కోసం చెవి రిక్కించి ఉన్నవాటికి. శనిగ్రహానికి ఒక ఏడాది అంటే మనకు 29 ఏళ్లు. కాసిని ప్రాథమిక దశ నాలుగేళ్లే కాబట్టి ఆ వ్యవధిలో అది ఒక రుతువునైనా పూర్తిగా చూడలేదు. రెండు పొడిగింపులతో 2017 సెప్టెంబరు 15 దాకా కొనసాగినందువల్లే శని మీద పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తునూ, ఉత్తర గోళంలో పగలు అత్యంత దీర్ఘమయ్యే వేసవి అయనాంతాన్నీ చూడగలిగింది. ఎన్సెలడస్ మంచు పెంకు కింద మహాసముద్రం ఆ ఉపగ్రహమంతటా పరుచుకుని ఉందని తేలింది కూడా పొడిగింపు కాలంలోనే. ప్రతిపాదనలు తూచేటప్పుడు, కాలం గడిచే కొద్దీ విలువ పెరిగే పరిశీలన ఏది, చూసిందే మళ్లీ చూడడం ఏది అని విడదీసి మార్కులు వేస్తే ఈ లోపం కొంతవరకైనా సర్దుకుంటుందని నా ఉద్దేశం.

ఇన్‌సైట్ కథ ఈ సందర్భంలో చెప్పుకోదగినది. అంగారక కంపాలను వినడానికి 2018 నవంబరులో దిగిన ఆ ల్యాండర్‌కు 2021 జనవరిలో, గురుగ్రహం చుట్టూ తిరుగుతున్న జునోతో పాటు, పొడిగింపు ప్రకటించారు. అప్పటికే దాని సౌరఫలకాల మీద ధూళి పేరుకుని విద్యుత్తు తగ్గిపోతోంది. 2021 మే నెలలో బృందం ఒక విచిత్రమైన ఉపాయం పన్నింది: రోబో చేతితో ఇసుక తీసి, ఫలకం పక్కన గాలివాటుగా జారవిడిస్తే, గాలికి ఎగిరిన ఇసుక రేణువులు ఫలకం మీద గెంతుతూ ధూళిని తమతో ఊడ్చుకుపోయాయి. ధూళిని మరింత ఇసుకతో దులపడమన్నమాట! రోజుకు సుమారు 30 వాట్-గంటల విద్యుత్తు అదనంగా సమకూరింది. అలా కూడగట్టుకున్న ఆయుష్షులోనే 2021 డిసెంబరు 24న ఒక ఉల్క పడి నేల అదిరిన సంగతిని అది పసిగట్టింది, 2022 మే 4న 4.7 తీవ్రతతో వచ్చిన కంపాన్ని, అంటే అది నమోదు చేసిన వాటన్నిటిలోకీ పెద్దదాన్ని, వినగలిగింది. 2022 డిసెంబరులో యాత్ర ముగిసింది. పొడిగింపు లేకపోతే ఆ రెండూ ఎవరి చెవినా పడేవి కావు.

ఆ ఉల్క సంఘటనే రెండో లోపాన్ని కూడా ఎత్తిచూపుతుంది. ఇన్‌సైట్ విన్నది కంపాన్ని మాత్రమే. 150 మీటర్ల వెడల్పున ఏర్పడిన బిలాన్నీ, దాని చుట్టూ చెల్లాచెదురుగా పడిన మంచుగడ్డలనూ చూసినవి 2006 నుంచి అంగారకుడి చుట్టూ తిరుగుతున్న మార్స్ రికానసెన్స్ ఆర్బిటర్ కెమెరాలు. ఒకదానికి చెవి, మరొకదానికి కన్ను, రెండూ ముదురు వయసు నౌకలే. రోవర్లు పంపే సమాచారాన్ని భూమికి చేరవేసే పనిలో పెద్ద భాగాన్ని కూడా ఈ వృద్ధ ఆర్బిటర్లు మోస్తున్నాయి. 2001లో అంగారకుణ్ణి చేరిన ఒడిస్సీ వాటిలో వయసులో అన్నిటికంటే పెద్దది. ఇలా ఒకదాని మీద ఒకటి ఆధారపడిన నౌకలను విడివిడి ప్రతిపాదనలుగా, విడివిడి శాస్త్ర ప్రయోజనాలతో తూచడం, ఉమ్మడి కుటుంబంలో ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి నువ్వు సంపాదించేది ఎంత అని అడగడం లాంటిది. సమాచార వాహకంగా ఒక ఆర్బిటర్ చేసే చాకిరీ ఎవరి పద్దులో పడాలన్నది స్పష్టంగా ఉండాలి. 2025 డిసెంబరులో అంగారకుడి చుట్టూ తిరిగే మావెన్ ఆర్బిటర్‌తో సంబంధం తెగిపోయాక ఈ ప్రశ్న మరింత పదునెక్కింది.

వయసు తెచ్చే రుగ్మతలను ఈ పరీక్ష ఎలా పరిగణిస్తుందన్నది మరో విషయం. ఒడిస్సీలో ఇంధన మీటరు లేదు. ట్యాంకును వేడిచేసి, అది ఎంత త్వరగా వేడెక్కుతుందో చూసి, లోపల ఎంత మిగిలిందో ఇంజినీర్లు లెక్కకట్టాలి. ఆ లెక్క ఒక దశలో ఇంధనం అడుగంటిందని భయపెట్టింది, తీరా తప్పు ఎక్కడుందో వెతికి సరిచేస్తే ఇంకా 4 కిలోలు ఉన్నట్టు తేలింది. జునోలోని కెమెరాను గురుగ్రహం చుట్టూ ఎనిమిది ప్రదక్షిణలకైనా నిలవాలని తయారు చేశారు. యాభై దాటాక రేడియేషన్ దెబ్బకు బొమ్మలు చెడిపోతే, బృందం కెమెరా హీటరును గరిష్ఠ స్థాయికి పెంచి, 2023 డిసెంబరు 30న అయో ఉపగ్రహం పక్కనుంచి వెళ్లేలోగా దాన్ని మళ్లీ దారికి తెచ్చింది. కాగితం మీద 'ప్రమాదం ఎక్కువ' అని రాయదగిన నౌకలు ఇలాంటి పనితనం వల్లే నడుస్తాయి. ఆ పనితనానికి శ్రేణి లేదు. ఏళ్ల తరబడి ఆ నౌక పోకడలు తెలిసిన మనుషులు చెదిరిపోతే, డబ్బు మళ్లీ ఇచ్చినా వారు తిరిగి రారు.

అన్నిటికంటే పెద్ద లోపం తీర్పు అమలులో ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, ప్యానెల్ ఆమోదించినదాన్ని బడ్జెట్ కాదనవచ్చు. 2008 మార్చిలో స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్ల ఖర్చులో 40 లక్షల డాలర్ల కోత విధిస్తూ ఒక లేఖ వెళ్లి, గగ్గోలు పుట్టి, రోజుల్లోనే వెనక్కి వెళ్లింది. అప్పుడు ఆపర్చునిటీ గొంతు నొక్కి ఉంటే, 2011లో ఎండెవర్ బిలం అంచున నీటి జాడగా దొరికిన జిప్సం చార గానీ, మొత్తం 45 కిలోమీటర్ల నడక గానీ ఉండేవి కావు. 2025 మే నెలలో వచ్చిన అమెరికా అధ్యక్షుడి బడ్జెట్ ప్రతిపాదన ఇంకా ముందుకు వెళ్లి, నాసా శాస్త్ర విభాగానికి కేటాయింపును సుమారు 730 కోట్ల డాలర్ల నుంచి 390 కోట్లకు కుదించి, జునో, న్యూ హొరైజన్స్, మావెన్, ఒడిస్సీ వంటి నౌకలను ఆపేయాలంది. 2026 జనవరిలో అమెరికా కాంగ్రెస్ ఆమోదించిన నిధుల చట్టం ఆ కోతను చాలావరకు తోసిపుచ్చింది. ఆ ప్రతిపాదనకూ ఈ చట్టానికీ మధ్య ఆ బృందాలు నౌకను నడుపుతూనే, దాన్ని ఆపే ప్రణాళికలు కూడా రాసుకోవలసి రావడం ఏ పరీక్షా ఫలితంతోనూ పొసగని విషయం.

ఓసిరిస్-ఎపెక్స్ దీనికి స్పష్టమైన ఉదాహరణ. బెన్ను గ్రహశకలం మట్టిని 2023 సెప్టెంబరులో భూమికి అందించిన నౌకకే, 2022 పరీక్ష తరువాత ఇచ్చిన కొత్త పని ఇది: 2029 ఏప్రిల్ 13న భూమికి సుమారు 32,000 కిలోమీటర్ల దూరంలోంచి వెళ్లే అపోఫిస్ గ్రహశకలాన్ని ఆ వెంటనే చేరుకుని పరిశీలించడం. తొమ్మిదేళ్ల ఈ పొడిగింపులో మొదటి గండం 2024 జనవరిలోనే వచ్చింది. తనను తయారు చేసిన పరిమితి కంటే సుమారు 4 కోట్ల కిలోమీటర్లు సూర్యుడికి దగ్గరగా వెళ్లవలసి రావడంతో, నౌక తన సౌరఫలకాల్లో ఒకదాన్ని మడిచి, సున్నితమైన భాగాలకు గొడుగులా అడ్డుపెట్టుకుంది. ఈ నౌకను కూడా 2025 నాటి ప్రతిపాదన ఆపేయదలచిన జాబితాలో చేర్చింది. అపోఫిస్ రాకను ఎవరి సౌకర్యం కోసమూ వాయిదా వేయడం కుదరదు. గమ్యం, తేదీ ముందే ఖరారైన ఇలాంటి యాత్రలకు ప్యానెల్ సరేనన్న నాడే, గమ్యం చేరేదాకా అయ్యే కనీస నిర్వహణ ఖర్చును విడిగా కేటాయించి, మధ్యలో వచ్చే మూడేళ్ల పరీక్షలను శాస్త్ర ప్రణాళిక మెరుగుదలకే పరిమితం చేయాలి. సీనియర్ రివ్యూలో మార్పు ఒక్కటే కోరుకోమంటే నేను కోరేది అదే.